అభయానికి ధర ఉంటుందా?

సూరత్‌లోని లింబాయత్‌లో మేము నడిపే సాయంత్రపు బడికి వచ్చే పెద్దపిల్లలు కొందరు ఈమధ్య ఫోన్లో ఒక అమెరికన్ సీరియల్ చూశారు. పేరు 'మేయర్ ఆఫ్ కింగ్స్‌టౌన్'. ఒక శనివారం పాఠం అయ్యాక వాళ్లలో ఒకడు అడిగాడు: "సార్, మైక్ మంచోడా, చెడ్డోడా?" సగంమంది మంచోడన్నారు, సగంమంది కాదన్నారు. వచ్చే వారం మాట్లాడుకుందామని చెప్పి పంపేశాం. జవాబు తెలియక కాదు. ఆ ప్రశ్న మేము చేసిన ఒక తప్పును గుర్తుకు తెచ్చింది. ఆ వారం మేమూ ఆ సీరియల్ చూశాం. పిల్లలకు ఇవ్వాల్సిన జవాబును ఇక్కడ ధమ్మ బంధువుల ముందు పెడుతున్నాం.

కథ జరిగే ఊరు కల్పితం. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఉన్నట్టు చూపిస్తారు. ఆ ఊరికి జైళ్లే బతుకుతెరువు. మెక్లస్కీ కుటుంబంలో పెద్దవాడు మిచ్. అతన్ని అందరూ 'మేయర్' అంటారు. ఓట్లతో గెలిచిన మేయర్ కాదు. లోపలి ముఠాలకు, వార్డర్లకు, పోలీసులకు, బయట ఏడ్చే కుటుంబాలకు మధ్య మాట మోసే మనిషి. మొదటి భాగంలోనే అతన్ని చంపేస్తారు. తమ్ముడు మైక్ ఆ కుర్చీలో కూర్చుంటాడు. అతనూ ఒకప్పుడు జైలు అనుభవించినవాడే. అతనిది ధనాశ కాదు. ఊరు తగలబడకుండా చూడాలన్నదే అతని తపన. అందుకోసం ఒక అన్యాయాన్ని ఆపడానికి ఇంకో అన్యాయానికి ఒప్పుకుంటాడు, ఒక హత్యను తప్పించడానికి ఒక అబద్ధం ఆడతాడు. ఇంత చేసినా మొదటి సీజన్ చివరికి జైలు భగ్గుమంటుంది.

2021 నవంబరులో మొదలైన ఈ సీరియల్‌ను టేలర్ షెరిడన్‌తో కలిసి రూపొందించిన హ్యూ డిల్లన్, కెనడాలోని కింగ్‌స్టన్‌లో పుట్టినవాడు. 1835 నుంచి 2013 దాకా ఒక పెద్ద జైలు నడిచిన ఊరు అది. కాబట్టి ఇది గాలిలోంచి పుట్టిన కథ కాదు. మా మట్టుకు అది కెనడా దాకా వెళ్లాల్సిన కథ కూడా కాదు.

లింబాయత్ గురించి తెలియనివారికి రెండు మాటలు. నల్గొండ, వరంగల్, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన నేత కుటుంబాలు తరాలుగా ఇక్కడ సాంచాల మీద బతుకుతున్నాయి. మగవాళ్లు పన్నెండు గంటల పాళీల్లో సాంచాలు నడుపుతారు. ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటిస్తారు, లేసులు కుడతారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. ఇన్నేళ్లున్నా చాలామందికి ఇక్కడ సొంత ఇల్లు లేదు, పేరు మీద పట్టా లేదు. ఈ చివరి సంగతి గుర్తు పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

కొన్నేళ్ల కిందటి మాట. ఒక రాత్రి పది గంటలకు ఒక తల్లి మా గది తలుపు తట్టింది. కొడుక్కి పంతొమ్మిదేళ్లు, ఫోన్ల దొంగతనం కేసులో లోపల ఉన్నాడు. "అన్నా, లోపల పండనిస్తలేరట. మరుగుదొడ్డి పక్కన కూసోబెడుతున్నరట. కొడుతున్నరట. ఎనిమిది వేలు పంపితే జాగ ఇస్తరట" అంది. కొంగు ముడిలో రెండు వేలున్నాయి. ఏ జైలు, ఎవరు అడిగారు అన్నది ఇక్కడ అనవసరం, ఆ బేరం ఒక్క చోటుదే కాదు. మాకు లా పట్టా ఉంది, కోర్టులో వాదించడం మా వృత్తి కాకపోయినా చట్టం తెలుసు. ఏ అర్జీ ఎవరికి పెట్టాలో తెలుసు. అది పెట్టేసరికి ఆ కుర్రాడు ఇంకెన్ని రాత్రులు కూర్చోవాలో కూడా తెలుసు. మిగతా ఆరు వేలు మేమే వేసి, ఆమె చెప్పిన మనిషికి అందేలా చూశాం. మర్నాడు కుర్రాడికి పడుకోవడానికి చోటు దొరికింది.

ఆ సంగతి బస్తీలో రెండు రోజుల్లో పాకింది. పది రోజులకు ఇంకో తండ్రి వచ్చాడు. తర్వాత ఒక భార్య, ఆ తర్వాత ఒక అన్న. "మీకు లోపల ఎరుకైనోళ్లు ఉన్నరట గదా సార్." ప్రతిసారీ డబ్బు మేము ఇవ్వలేదు. కానీ ఎవరికి ఫోన్ చేయాలో మాకు తెలిసిపోయింది. వీధిలో నడుస్తుంటే మనుషులు లేచి నిలబడడం మొదలైంది. చాయ్ దుకాణంలో మా దగ్గర డబ్బులు తీసుకోవడం మానేశారు. అది మాకు నచ్చింది. ఈ వాక్యం రాయడానికే మాకు చాలా రోజులు పట్టింది.

ఒకరోజు బల్ల సర్దుతుంటే ఒక కాగితాల కట్ట కనబడింది. ఇంకో కుర్రాడివి. చట్టం ప్రకారం గరిష్ఠ శిక్షలో సగం కాలం విచారణ ఖైదీగానే గడిపేశాడు. బెయిలు కోరుతూ అర్జీ పెట్టాలి. నాలుగు నెలల కిందట వాళ్ల నాన్న ఇచ్చి వెళ్లిన కాగితాలవి. ఫోన్లతో పనులు అవుతున్న ఉత్సాహంలో మేము ఆ కట్ట ముడి కూడా విప్పలేదు. ఆ నాలుగు నెలలు ఒక మనిషి జీవితంలోంచి పోయాయి. వాటిని తీసుకున్నది ఏ ముఠా నాయకుడో కాదు. మేము.

ఇంతకీ ఆ ఎనిమిది వేల కుర్రాడు ఏమయ్యాడు? ఏడు నెలలకు జామీను మీద వచ్చాడు. వచ్చిన వారానికే ఒకడు మోటారుసైకిల్ మీద వచ్చి గది ముందు ఆగాడు. లోపల చోటు ఇచ్చినవాడి మనిషి. డబ్బు తీసుకున్నాక కూడా చేసిన మేలు మేలుగానే ఉందట, దానికి బదులు తీర్చాలట. మేము కొనిపెట్టింది ఒక నిద్ర అనుకున్నాం. కుర్రాడి మెడకు ఒక తాడు కూడా కొనిపెట్టాం. ఒక తెల్లవారుజామున వాడు భివండీ పారిపోయాడు.

ఆ తాడు ఎక్కడ పుడుతుంది? జైల్లో కొందరు ఖైదీలు మిగతావాళ్ల మీద పెత్తనం చేయడం ఏ రౌడీయో కనిపెట్టిన పద్ధతి కాదు. 1894 నాటి ప్రిజన్స్ యాక్ట్‌లోనే దానికి పునాది ఉంది. జైలు అధికారులుగా నియమించిన ఖైదీలను పబ్లిక్ సర్వెంట్లుగా భావించాలని ఆ చట్టం 23వ సెక్షన్ చెప్పింది. తక్కువ జీతాల సిబ్బందితో ఎక్కువ మందిని అదుపులో పెట్టడానికి వలస ప్రభుత్వానికి అదే చవక మార్గం. ఆ పైన ఇరుకు. 2022 చివరినాటికి దేశంలోని జైళ్లలో 4,36,266 మందికే చోటుంటే 5,73,220 మంది ఉన్నారు. వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే నేరం రుజువు కానివాళ్లు. నలుగురిలో ముగ్గురు. పడుకునే చోటు సరకుగా మారేది ఇక్కడే. కొరత ఉన్నచోట బేరగాడు పుడతాడు.

ఆ పెత్తనానికి కులం తోడు. జైలు మాన్యువళ్లలో ఊడ్చే పని ఏ కులాలకు, వంట పని ఏ కులాలకు అని రాసి ఉండేది. జర్నలిస్టు సుకన్య శాంత 2020లో దాన్ని వెలుగులోకి తెచ్చారు, తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2024 అక్టోబరు 3న కోర్టు ఆ నిబంధనలను రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడిని తీసేయమంది. గణతంత్రం వచ్చిన డెబ్బయి నాలుగేళ్లకు! మరుగుదొడ్డి పక్కన ఎవరిని కూర్చోబెడతారో మన పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక జామీను. ఇందాక చెప్పిన పట్టా సంగతి ఇక్కడే పనికొస్తుంది. ఊరుగాని ఊరిలో సాంచా కార్మికుడికి ఆస్తి చూపించి పూచీ ఉండేదెవరు? 1978లో మోతీరాం అనే తాపీమేస్త్రీ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. మధ్యప్రదేశ్‌లో ఒక మేజిస్ట్రేట్ అతనికి పది వేల రూపాయల పూచీ అడిగి, అన్న ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఆ పూచీని తోసిపుచ్చాడు. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ దాన్ని తప్పుబడుతూ, దక్షిణాది మనిషి దేశంలో ఏ దూరపు మూలనో అరెస్టయితే ఆ జిల్లావాడి పూచీ ఎక్కడినుంచి తెస్తాడని అడిగారు. దాదాపు యాభై ఏళ్లవుతోంది. లింబాయత్ ఇప్పటికీ ఆ ప్రశ్నలోనే బతుకుతోంది.

ఇన్ని ఖాళీలు చట్టం వదిలేస్తే ఆ ఖాళీల్లో ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు. లోపల బ్యారక్ పెద్ద, బయట 'మేయర్'. ఒకరు లేనిదే ఇంకొకరికి పని లేదు.

కాస్త మంచి మనిషి ఆ చోట్లో కూర్చుంటే తప్పేమిటని కొందరు అడుగుతారు. పిల్లల్లో సగంమంది అన్నదీ అదే. దీనికి ధమ్మం ఏమంటుందో చూద్దాం.

అంగుత్తర నికాయంలో బుద్ధుడు పంచశీలను ఐదు మహాదానాలుగా చెప్పాడు. ప్రాణహింస మానినవాడు, దొంగతనం మానినవాడు లెక్కలేనన్ని ప్రాణులకు అభయం ఇస్తున్నాడు. అలా ఇచ్చినందుకు తానూ అభయంలో భాగం పొందుతున్నాడు. ఆ ఆలోచనలో ఒక సూక్ష్మం ఉంది. అభయం పేరుపేరునా పంచే వస్తువు కాదు. నావల్ల నీకు భయం లేదు అన్నప్పుడు ఆ 'నీకు' అన్నదానికి హద్దు ఉండదు. మైక్ ఇచ్చేది, మేము ఇప్పించినది అలాంటిది కాదు. అది రక్షణ. రక్షణకు ఒక జాబితా ఉంటుంది. జాబితాలో ఉన్నవాడికి నిద్ర, లేనివాడికి మరుగుదొడ్డి పక్క. మా కుర్రాడికి చోటు దొరికిన రాత్రి ఆ గదిలో నేల పెరగలేదు. అతను పడుకున్న చోటినుంచి ఇంకెవరో లేచారు. ఆ ఇంకొకడి తల్లి మా తలుపు తట్టలేదు కాబట్టి అతని ముఖం మాకు కనబడలేదు.

భయం ఎప్పుడూ తనకన్నా కిందివాడి మీదికే జారుతుంది. కింగ్‌స్టన్ జైల్లో 1971 ఏప్రిల్‌లో జరిగింది దీనికి సాక్ష్యం. ఖైదీలు తిరగబడి ఆరుగురు కాపలావాళ్లను బందీలుగా పట్టుకున్నారు. నాలుగు రోజులు జైలు వాళ్ల చేతిలో ఉంది. వాళ్ల ఫిర్యాదుల్లో న్యాయం ఉంది. బందీలైన కాపలావాళ్లు ప్రాణాలతో బయటపడ్డారు. చనిపోయిన ఇద్దరూ ఖైదీలే, తోటి ఖైదీల చేతుల్లో దెబ్బలు తిని. తమలో అందరికంటే నీచులని ముద్రపడినవాళ్లను పట్టి కట్టేసి కొట్టారు.

బుద్ధుడు ఉపాసకులు చేయకూడదన్న ఐదు వ్యాపారాల్లో ఒకటి సత్తవణిజ్జ, అంటే ప్రాణుల వ్యాపారం. మనుషులను సంతలో అమ్మడమే దాని అర్థమని మేము చాలాకాలం అనుకున్నాం. ఒక మనిషి ఒళ్లు నొప్పికి, నిద్రకు ధర కట్టి, ఆ ధరను చేతులు మార్చడం కూడా అదే కోవలోదని ఇప్పుడు అనుకుంటున్నాం. మాకు అందులో పైసా మిగల్లేదు, నిజమే. మర్యాద మిగిలింది. చాయ్ మిగిలింది.

అయితే ఖైదీకి, రాజ్యానికి మధ్య ఎవరూ నిలబడకూడదా? నిలబడాలి. అశోకుడు తన పట్టాభిషేకం జరిగిన పదమూడేళ్లకు ధమ్మ మహామాత్రులనే అధికారులను నియమించాడు. వాళ్ల పనుల్లో ఖైదీల బాగోగులు ఒకటని ఐదో శిలాశాసనం చెబుతుంది. బిడ్డల భారం ఉన్నవాళ్లను, ఎవరి ప్రేరేపణవల్లనో తప్పు చేసినవాళ్లను, ముసలివాళ్లను గుర్తించి సాయం చేయడం, విడుదలకు పాటుపడడం వాళ్ల బాధ్యత. ఈ పద్నాలుగు శాసనాల వరుస గుజరాత్‌లో గిర్నార్ కొండ దగ్గరా ఉంది, మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ ఉంది. పుట్టిన నేల మీదా, పొట్టకోసం వచ్చిన నేల మీదా ఒకే మాట చెక్కి ఉందన్నమాట.

మహామాత్రుడికి, మేయర్‌కి తేడా ఎక్కడుంది? ఇద్దరూ ఖైదీ పక్షాన మాట్లాడేవాళ్లే. మహామాత్రుడి పని రాతి మీద ఉంది. దారిన పోయే ఎవరైనా చదివించుకుని, నాకూ ఇది రావాలి కదా అని అడగవచ్చు. మేయర్ పని ఫోన్లో ఉంది. దాన్ని చదివేవాళ్లు లేరు, అడిగే దారి లేదు, బతిమాలే దారి ఒక్కటే ఉంది. రాసి ఉన్నది హక్కు అవుతుంది, గుసగుసగా జరిగేది మేలు అవుతుంది. హక్కు పొందినవాడు తలెత్తి ఇంటికి పోతాడు. మేలు పొందినవాడి గది ముందు ఏదో ఒకరోజు మోటారుసైకిల్ ఆగుతుంది.

దీఘనికాయంలోని కూటదంత సుత్తం ఇంకా వెనక్కి వెళుతుంది. దొంగల బెడద ఉన్న రాజ్యంలో రాజుకు పురోహితుడు ఇచ్చిన సలహా అందులో ఉంది. చంపడం, కట్టేయడం వల్ల దొంగతనం ఆగదు, మిగిలినవాళ్లు మళ్లీ మొదలుపెడతారు. సాగు చేసేవాడికి విత్తనం, వ్యాపారికి పెట్టుబడి, కొలువు చేసేవాడికి జీతం ఇయ్యమన్నాడు. పంతొమ్మిదేళ్లవాడు ఫోన్ ఎందుకు లాక్కున్నాడన్న ప్రశ్నను మేము ఆ రాత్రి అడగలేదు. మేయర్ దగ్గర ఆ ప్రశ్నకు చోటు ఉండదు. అతనికి ఎప్పుడూ ఈ రాత్రి గడవడమే పని.

మరి 'ఈ రాత్రి' సంగతేమిటి? ఇక్కడ మేము తప్పించుకోలేం. తల్లి గడప మీద కూర్చుని ఏడుస్తుంటే సుత్తాలు చెప్పి పంపడం కరుణ అనిపించుకోదు. ఆ మొదటి రాత్రి మేము చేసింది తప్పేనా అని ఇప్పటికీ ఒకరినొకరం అడుగుకుంటాం, ఒక జవాబు మీద నిలబడలేం. రెండో రాత్రి నుంచి చేసింది మాత్రం తప్పే. మొదటి రాత్రి మా ముందు ఒక కుర్రాడి నొప్పి ఉంది. తర్వాత్తర్వాత మా ముందు మా స్థానం ఉంది.

ఇంకో దారి ఉందని చూపినవాడు ఒక ఖైదీయే. తీహార్ జైల్లో మరణశిక్ష పడి ఉన్న సునీల్ బత్రా, ఇంకో ఖైదీని వార్డరు హింసించాడని సుప్రీంకోర్టు జడ్జికి ఒక ఉత్తరం రాశాడు. ఆ ఖైదీని చూడ్డానికి వచ్చే బంధువుల దగ్గర డబ్బు గుంజడానికే ఆ హింస అని ఆరోపణ. అంటే మా తల్లి మోసుకొచ్చిన బేరమే. బత్రా తన సొంత ప్రాణం గురించి రాయలేదు, బేరం కుదర్చలేదు. ఆ ఉత్తరాన్నే కోర్టు రిట్‌గా తీసుకుంది. 1979 డిసెంబరులో ఇచ్చిన తీర్పు ఆ ఒక్క ఖైదీతో ఆగకుండా దేశంలోని జైళ్లన్నిటికీ వర్తించింది. ఉరికంబం నీడలో ఉన్న మనిషి ఒక కాగితంతో ఇచ్చింది అభయం. చేతిలో పట్టా, జేబులో ఫోన్ ఉన్న మేము ఇప్పించింది చోటు.

బాబాసాహెబ్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, ఎంత గొప్పవాడైనా సరే ఒక మనిషి పాదాల దగ్గర స్వేచ్ఛను పెట్టవద్దని హెచ్చరించారు. రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి అన్నారు. మనం దాన్ని పెద్ద నాయకుల గురించే చదువుతాం. వీధి నాయకుడికీ, ఉచితంగా సాయం చేసే సామాజిక కార్యకర్తకూ కూడా ఆ మాట వర్తిస్తుంది. నేను లేకపోతే వీళ్లకు ఎవరు దిక్కు అనే ఆలోచన కరుణ వేషంలో వస్తుంది. అది మానం, అంటే అహంకారం. వదిలించుకోవలసిన సంయోజనాల్లో అదీ ఒకటి.

ఆ సీరియల్లో మైక్ తల్లి మిరియం ఉంది. ఆడ ఖైదీలకు చరిత్ర పాఠం చెబుతుంది. కొడుకులు చేసే పని ఆమెకు ఇష్టం లేదు. కథలో తుపాకులున్న ఎవరికంటే ఆమే మాకు గుర్తుండిపోయింది. ఆమె క్లాసులోంచి బయటికి వెళ్లే మనిషి ఆమెకు బాకీ పడి వెళ్లదు.

ఆ కాగితాల కట్ట దొరికిన రోజునుంచి మేము ఫోన్లు మానేశాం. కొందరు కోపం తెచ్చుకున్నారు. డబ్బు అందలేదా అని ఒకాయన మా ముఖం మీదే అడిగాడు. ఇప్పుడు ఎవరైనా వస్తే ఆ రాత్రే జైలు సూపరింటెండెంటుకు, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు, మేజిస్ట్రేటుకు ఒకే ఫిర్యాదు మూడు ప్రతులు రాస్తాం. తర్వాతి వాయిదాలో జడ్జి ముందు నోరు విప్పమని కుర్రాడికి చెప్పిస్తాం. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం 1987 నాటి చట్టం ఇచ్చిన హక్కు, 15100కి ఫోన్ చేయవచ్చు. 2024 జులై నుంచి అమలైన నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, మరణశిక్షో యావజ్జీవమో పడగల నేరాలు తప్ప, మొదటిసారి కేసులో ఉన్నవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు గడిపితే విడుదలకు అర్హుడు. ఇతరులకు సగం. ఒకటికి మించి కేసులుంటే వర్తించదు. గడువు చేరగానే కోర్టుకు రాయవలసిన బాధ్యత సూపరింటెండెంటుదే. జామీను కట్టలేని పేద ఖైదీలకు కేంద్రం 2023లో ఒక పథకం కూడా తెచ్చింది. ఇవన్నీ ప్రతిసారీ పనిచేస్తాయని చెప్పం. కొన్నిసార్లు జవాబే రాదు. ఆ రాత్రులు మాకూ నిద్ర ఉండదు.

తర్వాతి శనివారం పిల్లలకు ఇదంతా చెప్పాం, మా తప్పుతో సహా. మైక్ చెడ్డవాడు కాదు, కానీ అతను కూర్చున్న కుర్చీ మంచిది కాదు, అందులో మేమూ కొన్నాళ్లు కూర్చున్నాం అన్నాం. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ప్రశ్న అడిగినవాడే అన్నాడు: "అయితే మా అన్న లోపలుంటే మేం మీ దగ్గరికి రావద్దా సార్?"

రమ్మన్నాం. వచ్చేటప్పుడు అర్జీ రాసుకుని రమ్మన్నాం. రాయడం రాదన్నాడు. ఇప్పుడు శనివారాలు మా బడిలో అదే పాఠం నడుస్తోంది. పైన కుడివైపు తేదీతో మొదలుపెట్టాం.